విదేశాల్లో ఇంగ్లీష్ టీచర్ జాబ్: సబ్బవరం నుంచి బ్యాగ్ సర్దే ముందు చూడాల్సింది మీ ఇంగ్లీష్ కాదు.. మీ వీసా!

డిగ్రీ ఉంటే చాలు, థాయ్‌లాండ్‌లో ఇంగ్లీష్ టీచర్ అయిపోవచ్చు అంటూ తిరిగే రీల్స్ మీ ఫీడ్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. వెనకాల సముద్రం, ముందు యూనిఫాంలో నవ్వుతున్న పిల్లలు, కింద వాట్సాప్ నంబర్. చూసిన వెంటనే అనిపిస్తుంది, ఇదేదో బాగుందే అని.

ఈ ఆలోచన ఇప్పుడే ఎందుకు ఊపందుకుందో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. సబ్బవరం, అనకాపల్లి, చోడవరం వైపు డిగ్రీ పూర్తయిన పిల్లల ముందు మొన్నటిదాకా రెండు పెద్ద దారులు కనిపించేవి. ఒకటి అమెరికాలో ఎంఎస్. రెండోది ఇక్కడే ఉండి పోటీ పరీక్షలు. మొదటి దారి 2025లో బాగా ఇరుకైంది. మే నెలాఖరులో అమెరికా కొత్త స్టూడెంట్ వీసా అపాయింట్‌మెంట్లు ఆపేసి, మళ్ళీ జూన్‌లో మొదలుపెట్టింది. సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. రెండో దారి ఎంత పొడవో టీచర్ పోస్టుల కోసం ఎదురుచూసిన వాళ్ళని అడిగితే చెప్తారు. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ నియామకాల దాకా వెళ్ళిన నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లోనే వచ్చింది.

అందుకే మధ్యలో ఒక మూడో దారి కనిపిస్తోంది. ఓ ఏడాదో రెండేళ్లో బయట ఇంగ్లీష్ చెప్పుకుందాం, నాలుగు డబ్బులు వెనకేసుకుందాం, ఎంఎస్సా బీఈడీనా అన్నది అప్పుడు తేల్చుకుందాం. ఆలోచన తప్పు కాదు. ఇలా వెళ్ళి బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. కాకపోతే రీల్‌లో చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది కాస్త చేదుగానే ఉంటుంది.

ఇంగ్లీష్ ఎంత వచ్చో కాదు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదో!

ఇంగ్లీష్ టీచర్‌కి ఇంగ్లీష్ బాగా వస్తే సరిపోతుందని మనం అనుకుంటాం. చాలా దేశాల వీసా రూల్స్ అలా అనుకోవు. దక్షిణ కొరియానే తీసుకోండి. అక్కడ ఇంగ్లీష్ టీచర్లకి ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఈ లిస్టులో ఇండియా లేదు. మనకి ఒక చిన్న కిటికీ మాత్రం తెరిచారు. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందంలో, ఇంగ్లీష్ చదివి టీచింగ్ అర్హత కూడా ఉన్న భారతీయులు అసిస్టెంట్ టీచర్లుగా రావచ్చని రాసుకున్నారు. అంటే బీఈడీ లాంటిది లేకుండా, ఉత్త డిగ్రీతో కొరియా పంపిస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆగి ప్రశ్న వేయాలి.

చైనా కూడా ఇంచుమించు ఇదే పద్ధతి. పైగా 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం స్కూల్ పిల్లల ప్రైవేట్ ట్యూషన్ వ్యాపారంపై గట్టిగా కత్తెర వేసింది. అంతకుముందు విదేశీ టీచర్లకి ఉన్న గిరాకీ మళ్ళీ ఆ స్థాయికి రాలేదు.

జపాన్ విషయంలో ఒక ఇంట్రెస్టింగ్ రూల్ ఉంది. స్కూళ్ళలో పనిచేయడానికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకి ఏ దేశస్తులన్నది అడ్డం కాదు. కానీ కనీసం 12 ఏళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు చూపించాలి. ఇప్పుడు మన దగ్గర లెక్కేసుకోండి. పదో తరగతి దాకా జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్, డిగ్రీ కలిపితే ఐదేళ్లు. పీజీ కలిపినా ఏడే. మనిషి ఎంత గొప్పగా మాట్లాడినా ఆ కాగితం దగ్గర ఆగిపోతారు. అదే ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం అయితే, స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తగా ఉంచుకున్న వాళ్ళకి జపాన్ నిజంగానే తెరిచి ఉన్న తలుపు.

వియత్నాంలో భాషా సెంటర్లు ఎక్కువ, అవకాశాలూ ఎక్కువే. అక్కడ ఇంగ్లీష్ మాతృభాష కాని వాళ్ళు ఇంగ్లీష్‌లోనే డిగ్రీ చేసి ఉండాలి, లేదా డిగ్రీతో పాటు సీ1 స్థాయి ఇంగ్లీష్ సర్టిఫికెట్ చూపించాలి. ఐఈఎల్‌టీఎస్ లెక్కలో అది 7 దగ్గర ఉంటుంది. దానికి తోడు టీచింగ్ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

మిగిలింది థాయ్‌లాండ్. బీఈడీ లేని మన డిగ్రీ వాళ్ళకి కాస్త అందుబాటులో ఉన్నది ఇదే అని చెప్పాలి. బ్యాచిలర్ డిగ్రీ, టోయిక్‌లో 600 లేదా ఐఈఎల్‌టీఎస్ 5 లాంటి స్కోరు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఉంటే స్కూల్ వాళ్ళు మీ తరఫున కాగితాలు పెడతారు. అక్కడి టీచర్స్ కౌన్సిల్ పేరు ఖురుసఫా. లైసెన్స్ లేని వాళ్ళకి అది రెండేళ్లకి తాత్కాలిక అనుమతి ఇస్తుంది. మీ దగ్గర ఉండాల్సింది నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, ఆ తర్వాత వర్క్ పర్మిట్. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అసలు కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

టూరిస్ట్‌గా దిగండి, మిగతాది మేం చూస్కుంటాం అంటే..

2024 జూలైలో థాయ్‌లాండ్ ఇండియన్లకి వీసా లేకుండా 60 రోజులు ఉండే వెసులుబాటు ఇచ్చింది. షికారుకి వెళ్ళేవాళ్ళకి పండగే. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇదే గుంత. ఆ ఎంట్రీ మీద పని చేయడం అక్కడ నేరం. కానీ ఏజెంట్‌కి ఇది బంగారం లాంటి సదుపాయం. వీసా చూపించక్కర్లేదు, స్కూల్ లెటర్ చూపించక్కర్లేదు, టికెట్ కొంటే చాలు.

మన పక్కనే జరిగింది చూడండి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా వసూలు చేసి, విశాఖ చుట్టుపక్కల కుర్రాళ్ళని కాంబోడియా పంపించారు. అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కున్నారు. సైబర్ మోసాలు చేయమన్నారు. మాట విననివాళ్ళని హింసించారు. అదే నెలలో అక్కడున్న వందల మంది ఇండియన్లు తిరగబడ్డారు, మన ఎంబసీ తొలి విడతలో 60 మందిని ఇంటికి పంపింది. తర్వాతి ఏడాది మార్చిలో మయన్మార్-థాయ్ సరిహద్దు స్కామ్ సెంటర్ల నుంచి రెండు రోజుల్లో 549 మందిని వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. అందులోనూ తెలుగు వాళ్ళున్నారు.

విశాఖ కేసులో ఉద్యోగం పేరు టీచర్ కాదు, డేటా ఎంట్రీ. నిజమే. కానీ ఆ కేంద్రాలకి కావాల్సింది ఎలాంటి మనిషో ఒక్కసారి ఆలోచించండి. కంప్యూటర్ వచ్చి, ఇంగ్లీష్‌లో చాట్ చేయగలిగి, ఇంటి మీద అప్పు ఉండి వెంటనే వెనక్కి రాలేని మనిషి. డిగ్రీ చదివిన నిరుద్యోగి ఆ లెక్కకి సరిగ్గా సరిపోతాడు. అందుకే ఆఫర్ మీద రాసిన ఉద్యోగం పేరుని నమ్మడానికి లేదు. రేపు టీచర్ అని రాస్తారు, ఎల్లుండి ట్రాన్స్‌లేటర్ అని రాస్తారు.

ఇంకో విషయం, ఇది పెద్దగా ఎవరూ మాట్లాడరు. గల్ఫ్‌కి కూలి పనికి వెళ్ళే వాళ్ళ కోసం మన దేశంలో ఎమిగ్రేషన్ తనిఖీ వ్యవస్థ ఒకటి ఉంది. థాయ్‌లాండ్, మలేసియా, యూఏఈ, సౌదీ, లిబియా సహా 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్ళాలంటే ఈసీఆర్ పాస్‌పోర్ట్ వాళ్ళు ముందుగా క్లియరెన్స్ తీసుకోవాలి. కాంట్రాక్ట్ ఏంటి, కంపెనీ ఏంటి అని అక్కడ చూస్తారు. కానీ పదో తరగతి పాసైతే చాలు, మీది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్. ఆ గేటు మీకు వర్తించదు. చదువుకున్న వాళ్ళు తమని తాము చూసుకోగలరని ఆ రూల్ ఉద్దేశం. ఈసీఎన్ఆర్ వాళ్ళూ రిజిస్టర్ చేసుకోవాల్సిందేనని 2018 చివర్లో కేంద్రం ఒక ఆదేశం ఇచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇప్పుడది స్వచ్ఛందం. ఫలితం ఏంటంటే తాపీ మేస్త్రీ కాంట్రాక్ట్‌ని చూసే అధికారి ఉన్నాడు, డిగ్రీ కుర్రాడి కాంట్రాక్ట్‌ని చూసేవాడు ఎవరూ లేరు. ఆ పని మీరే చేసుకోవాలి.

ఎలాగంటే, మధ్యలో ఏజెంట్ ఉంటే అతని లైసెన్స్ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపడం నేరం. రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా సర్వీస్ చార్జీగా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. అంటే లక్షన్నర అడిగారంటే ఆ అంకె దగ్గరే మీకు సమాధానం దొరికినట్టు. స్కూల్ పేరు గూగుల్ మ్యాప్‌లో వెతకండి, ఆ స్కూల్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేయండి. ఏజెంట్ ఇచ్చిన నంబర్‌కి కాదు. ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయామనిపిస్తే 1930కి కాల్ చేయండి. విదేశీ ఉద్యోగాల మీద సలహా కావాలంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090.

నిజమైన ఉద్యోగమైనా.. ఊరు చూడాలి

మోసం లేని ఉద్యోగాల్లోనూ ఒక రిస్క్ ఉంది. మన లెక్చరర్లు బయటి దేశాల్లో పాఠాలు చెప్పడం రీల్స్‌తో మొదలైంది కాదు. ఇథియోపియా స్కూళ్ళకి ఇండియా టీచర్లు వెళ్ళడం హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ ఉంది. తర్వాత లిబియా యూనివర్సిటీలు మన అధ్యాపకుల్ని పిలిచాయి. జీతం బాగుండేది, గౌరవం ఉండేది, వెళ్ళారు.

2015 జూలై 29న లిబియాలోని సిర్తే యూనివర్సిటీలో పనిచేస్తున్న నలుగురు భారతీయుల్ని, ఇంటికి బయలుదేరిన దారిలో, ఒక చెక్‌పోస్ట్ దగ్గర పట్టుకుపోయారు. ట్రిపోలీ మీదుగా ట్యునిస్ చేరి ఇండియా ఫ్లైట్ ఎక్కుదామని బయలుదేరారు వాళ్ళు. కర్ణాటక వాళ్ళిద్దరూ రెండు రోజుల్లో విడుదలయ్యారు. మిగిలిన ఇద్దరూ మన తెలుగు వాళ్ళు, ఒకరు ఏపీ, ఒకరు తెలంగాణ. వాళ్ళు బయటపడ్డారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించింది 2016 సెప్టెంబర్‌లో. అంటే ఏడాది దాటింది. ఆ యూనివర్సిటీ నిజమే, ఉద్యోగం నిజమే, కాంట్రాక్ట్ నిజమే. మారింది ఊరి పరిస్థితి ఒక్కటే.

కాబట్టి ఆఫర్ లెటర్‌తో పాటు విదేశాంగ శాఖ ఆ దేశంపై ఇచ్చిన ట్రావెల్ అడ్వైజరీ కూడా చదవండి. రెండు నిమిషాల పని.

బీఈడీ ఉంటే లెక్కే వేరు

ఇప్పటిదాకా చెప్పింది ఉత్త డిగ్రీతో వెళ్ళేవాళ్ళ గురించి. చేతిలో బీఈడీ, రెండేళ్ల క్లాస్‌రూమ్ అనుభవం ఉంటే మీరు నిలబడేది వేరే క్యూలో.

గల్ఫ్‌లో సీబీఎస్ఈ సిలబస్ చెప్పే ఇండియన్ స్కూళ్ళు బోలెడు. అక్కడ మీ యాస గురించి ఎవరూ పట్టించుకోరు, బీఈడీ ఉందా, సర్టిఫికెట్లకి అటెస్టేషన్ అయిందా అని చూస్తారు. మాల్దీవుల స్కూళ్ళలోనూ మన దేశం టీచర్లు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. అమెరికాలో జే-1 టీచర్ ప్రోగ్రామ్ ఉంది, దానికి డిగ్రీతో పాటు కనీసం రెండేళ్ల టీచింగ్ అనుభవం కావాలి, అదీ ప్రస్తుతం టీచర్‌గా పనిచేస్తూ ఉండాలి. మూడేళ్లు ఉండొచ్చు, పొడిగింపు దొరికితే మరో రెండేళ్లు. అంతే తప్ప అక్కడే స్థిరపడే వీసా కాదది.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. బ్రిటన్ 2023 ఫిబ్రవరి నుంచి ఇండియా సహా కొన్ని కొత్త దేశాల టీచర్లకి నేరుగా టీచర్ హోదాకి అప్లై చేసుకునే వీలు ఇచ్చింది. వాళ్ళు వెతుకుతున్నది ముఖ్యంగా మ్యాథ్స్, సైన్స్ టీచర్లని. అంటే బీఎస్సీ మ్యాథ్స్ చేసి బీఈడీ పూర్తి చేసిన అమ్మాయి, బయటికి వెళ్ళాలంటే ఇంగ్లీషే చెప్పాలనుకుని మ్యాథ్స్‌ని పక్కన పెడితే, తన దగ్గరున్న పెద్ద కార్డుని తనే పారేసుకున్నట్టు. ఇంగ్లీష్ చెప్పడానికి పోటీ ప్రపంచమంతా ఉంది. లెక్కలు చెప్పేవాళ్ళ కొరత కూడా ప్రపంచమంతా ఉంది. నా వరకు అయితే, సైన్స్ గ్రాడ్యుయేట్లు ఇంగ్లీష్ టీచింగ్ వైపు పరుగెత్తడం అంత తెలివైన పనిగా కనిపించడం లేదు.

తిరిగొచ్చాక ఆ రెండేళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి?

అసలు తేల్చుకోవాల్సింది ఇది. జీతం ఎంత అన్నది తర్వాత. ఈ ఏడాది మీ తర్వాతి మెట్టుకి పనికొస్తుందా అన్నది ముందు.

సబ్బవరం విచిత్రం చూడండి. మన మండలంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, వంగలి దగ్గర పెట్రోలియం యూనివర్సిటీ ఐఐపీఈ ఉంది. క్లాట్ రాసి, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి దేశం నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడికి వస్తున్నారు. మన పిల్లలేమో దారి కోసం బ్యాంకాక్ వైపు చూస్తున్నారు. తప్పని కాదు. కానీ క్లాట్‌కి వయసు పరిమితి లేదని మనలో ఎంతమందికి తెలుసు? డిగ్రీ అయ్యాక లా వైపు మనసు లాగుతుంటే, థాయ్‌లాండ్‌లో గడిపిన ఏడాది ఆ అడ్మిషన్‌లో ఒక్క మార్కు కూడా కలపదు. అది డబ్బు కోసమో, లోకం చూడటం కోసమో చేసే పని అవుతుంది. అలా అనుకుని వెళ్తే ఫర్వాలేదు.

కంప్యూటర్స్‌లో ఎంఎస్ ప్లాన్ ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. రెండేళ్లు పిల్లలకి ఏబీసీడీలు చెప్పి, ఆ తర్వాత డేటా సైన్స్‌కి అప్లై చేస్తే, ఈ గ్యాప్ ఏంటని అడిగేవాళ్ళే ఎక్కువ. అదే అప్లైడ్ లింగ్విస్టిక్స్, ఇంగ్లీష్ బోధన, ఎడ్యుకేషన్ లాంటి పీజీలకైతే క్లాస్‌రూమ్ అనుభవమే మీ బలం. ఆ దారికి మనకి ఇంటి దగ్గరే మంచి చోటుంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూ 1958లో ఇంగ్లీష్ టీచర్లకి శిక్షణ ఇవ్వడానికే పుట్టిన సంస్థ, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్‌కి దొరికే టెఫ్ల్ సర్టిఫికెట్ పట్టుకుని ఏజెంట్ల చుట్టూ తిరిగేకంటే, అక్కడ చదివి బయటికి వెళ్తే ఆ మాటకి బరువుంటుంది.

టెఫ్ల్ అన్నాం కాబట్టి ఒక మాట. 120 గంటల కోర్సు అని కనిపించేవన్నీ ఒకటి కావు. వీటన్నిటినీ గుర్తించే ఒకే ఒక్క ప్రభుత్వ సంస్థ ప్రపంచంలో ఎక్కడా లేదు. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టాలో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, దానికి మార్కులు వేస్తారు. చవక కోర్సుల్లో వీడియో చూసి, బటన్ నొక్కితే సర్టిఫికెట్ వస్తుంది. ఫీజులో తేడా ఎక్కడిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక డీఎస్సీ. ఇంట్లో అమ్మానాన్నల భయం ఎక్కువగా దీని గురించే. వెళ్ళిపోతే ఇక్కడ నోటిఫికేషన్ పడితే ఎలా అని. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 44. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. అంటే 23 ఏళ్లకి వెళ్ళి 26కి తిరిగొచ్చినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. ఇకపై ఏటా డీఎస్సీ వేస్తామని ప్రభుత్వం అంటోంది. అయితే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకి బీఈడీ, టెట్ రెండూ కావాలి. థాయ్‌లాండ్ అనుభవం ఆ రెండింటికీ బదులు కాదు. బీఈడీ రెండేళ్లు. ముందు బయటికి వెళ్ళి తర్వాత బీఈడీ చేస్తే, టీచర్ ఉద్యోగానికి అర్హత వచ్చేసరికి నాలుగేళ్లు గడుస్తాయి. ముందు బీఈడీ, టెట్ పూర్తి చేసి, ఆ తర్వాత గల్ఫ్‌కో జపాన్‌కో వెళ్తే, బయట జీతం ఎక్కువ, ఇక్కడ నోటిఫికేషన్ పడితే ఫ్లైట్ ఎక్కి వచ్చి పరీక్ష రాసే వీలూ ఉంటుంది. టీచింగ్‌నే కెరీర్ చేసుకోవాలనుకునే వాళ్ళకి ఈ వరసే కరెక్ట్ అని గట్టిగా చెప్పొచ్చు.

టీచర్ అవ్వాలని లేదు, ఊరికే ఒక ఏడాది బయట ఉండి చూడాలి అనుకునేవాళ్ళకి థాయ్‌లాండ్ ఓకే. కానీ అప్పు చేసి వెళ్ళొద్దు. అప్పు లేని మనిషి నచ్చకపోతే మర్నాడే టికెట్ కొనుక్కుని వచ్చేయగలడు. లక్షన్నర వడ్డీకి తెచ్చినవాడు అలా రాలేడు. కాంబోడియాలో ఇరుక్కున్న కుర్రాళ్ళ కథల్లో తాళం వేసిన గేటు ఎంత పెద్దదో, ఇంటి దగ్గరున్న అప్పు కూడా అంతే పెద్దది.

కాగితాలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

థాయ్ స్కూళ్ళు మే మధ్యలో తెరుస్తారు, రెండో టర్మ్ నవంబర్‌లో. జపాన్‌లో, గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్ళలో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. వాళ్ళు మనుషుల్ని తీసుకునేది అంతకు రెండు మూడు నెలల ముందు. కాబట్టి వచ్చే ఏడాది వెళ్ళాలనుకునే వాళ్ళు ఈ డిసెంబర్ నాటికే యూనివర్సిటీ నుంచి ఒరిజినల్ డిగ్రీ తీసుకుని ఉండాలి. ప్రొవిజనల్ చాలా చోట్ల పనికిరాదు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర. జపాన్, కొరియాకి అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈ లాంటి చోట్లకి ఎంబసీ అటెస్టేషన్ కూడా కావాలి. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే అప్లై చేయొచ్చు, మన వాళ్ళు విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీస్ పరిధిలోకి వస్తారు. ఆధార్‌లో, డిగ్రీలో, పాస్‌పోర్ట్‌లో ఇంటి పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉంటే, ఎక్కువ ఆలస్యం అయ్యేది అక్కడే.